పాత ప్రెస్సు బిల్డింగులో లాఫ్ట్ ఫ్లాట్ చూశాం, కొనొచ్చా?

కొత్తగూడు
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఈ ఫోరంలో చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నగరం నడిబొడ్డున ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్ నడిచిన నాలుగంతస్తుల భవనం ఉంది. దాన్ని ఇళ్ళుగా మార్చారు. రెండో అంతస్తులో ఒక లాఫ్ట్ ఫ్లాట్ (ఫ్యాక్టరీ హాలునే గదులుగా విడగొట్టకుండా ఇల్లు చేసింది) అమ్మకానికి పెట్టారు. పెద్ద హాలు, గోడలన్నీ పాత ఇటుక, మధ్యలో వరసగా పోత ఇనుప స్తంభాలు, పైన లావుపాటి చెక్క దూలాలు, గోడ నిండా ఇనుప ఫ్రేముల కిటికీలు. ఒక పక్క ఇనుప మెట్లెక్కితే మెజనైన్, అంటే హాల్లోనే సగం ఎత్తులో వేసిన చిన్న అంతస్తు, అక్కడ పడకగది. ప్రకటనలో 1,400 చదరపు అడుగులు, 16 అడుగుల సీలింగ్ అని రాశారు. రెండేళ్ళ క్రితం రిపేర్లన్నీ చేయించారట. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయి "ఇదే మనిల్లు" అంది. నాకు ఆ మాటకే టెన్షన్ పట్టుకుంది. ఏడాదిన్నర పాప ఉంది మాకు. కొనేముందు ఏం చూడాలో చెప్పండి.

ఊరికే వచ్చా
లాఫ్ట్ అంటే పాత బిందెలు, పోయిన ఏడాది కేలండర్లు పడేసే అటక కదా! దాంట్లో కాపురం ఏంటన్నా?

కొత్తగూడు
మా నాన్నగారూ అదే అన్నారండీ. "అటక కొనడానికి అప్పు చేస్తావా?" అని.

చరిత్ర చాదస్తం
నాన్నగారి మాటలో కొంత చరిత్ర ఉంది. ఈ ఇళ్ళ ఫ్యాషన్ డబ్బున్నవాళ్ళతో మొదలవలేదు. న్యూయార్క్‌లోని సోహో అనే పేటలో ఫ్యాక్టరీలు, గోదాములు ఖాళీ అవుతుంటే 1960ల్లో చిత్రకారులు, శిల్పులు చవక అద్దెకు చేరారు. పెద్ద కాన్వాసులకి చోటు, పగలంతా వెలుతురు, అదీ వాళ్ళకి కావలసింది. అయితే అవి పరిశ్రమల కోసం కేటాయించిన భవనాలు. కాపురం ఉండటం నిబంధనలకు విరుద్ధం. తనిఖీకి ఎవరైనా వస్తే మంచం కనపడకుండా సర్దేవాళ్ళట. 1967లో జార్జ్ మచూనస్ అనే కళాకారుడు వూస్టర్ స్ట్రీట్ 80 నంబరు భవనంలో కళాకారులను కూడగట్టి సహకార పద్ధతిలో ఇళ్ళు ఏర్పాటు చేశాడు. 1971లో నగరం జోనింగ్ నిబంధనలు (ఏ ప్రాంతాన్ని దేనికి వాడొచ్చో చెప్పేవి) మార్చి, కళాకారులని ధ్రువీకరణ ఉన్నవాళ్ళు ఉండొచ్చంది. 1973లో ఆ పేట చారిత్రక ప్రాంతమైంది. ఆ నగరంలో ఇలాంటి భవనాల్లో అద్దెకున్నవాళ్ళకి రక్షణ ఇచ్చే లాఫ్ట్ చట్టం 1982లో గానీ రాలేదు. ఈలోగా అద్దెలు పెరిగి, మొదట చేరినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫ్యాక్టరీ ఇల్లవడం అంటే రంగులు వేయడం కాదు, కాగితాల మీద కూడా మారాలి. మీ భవనం మారిందా?

దస్తావేజు
నేను అడగబోయిందీ అదే. ముందు మూడు కాగితాలు అడగండి. ఒకటి, పరిశ్రమ నుంచి నివాసంగా వినియోగం మార్చిన అనుమతి. రెండు, మార్పులు పూర్తయ్యాక ఇచ్చిన నివాస యోగ్యత పత్రం. మూడు, ఆమోదం పొందిన ప్లాన్. మూడో దాంట్లో మెజనైన్ గీసి ఉందా లేదా అన్నది కళ్ళారా చూడండి. "అన్నీ ఉన్నాయి సార్" అన్న మాట కాగితం కాదు.

కొత్తగూడు
మొదటి రెండూ ఉన్నాయి, కాపీలు ఇచ్చారు. ప్లాన్ అడిగితే "సొసైటీ ఆఫీసులో ఉంటుంది" అన్నారు.

దస్తావేజు
అయితే సొసైటీ ఆఫీసుకే వెళ్ళండి.

ఎత్తింటివాడు
నేను ఇలాంటి ఇంట్లోనే ఐదేళ్ళుగా ఉంటున్నాను. పొద్దున ఏడింటికి ఆ పెద్ద కిటికీల్లోంచి వెలుతురు ఇటుక గోడ మీద పడుతుంటే కాఫీ తాగడం... అది వేరండీ. ఇప్పటికీ అలవాటు పడలేదు నేను. ఇంక తక్కినవి.

మెజనైన్ మీద పడక పెట్టుకున్నాం. వేడి గాలి పైకే పోతుంది కదా, ఎండాకాలంలో కింద హాయిగా ఉంటుంది, పైన పడుకున్నవాడికి ఉడుకు. కింద సోఫాలో దుప్పటి కప్పుకున్న రాత్రులు, పైన మంచం మీద చెమటలు పట్టిన రాత్రులు ఒకటే అయ్యాయి. ఏసీ పెంచితే కింద వణుకు. రెండో ఏడు పొడుగు రాడ్‌తో పెద్ద ఫ్యాన్ వేయించాను, గాలి కలిసి కాస్త నయం. చలికాలంలో దాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పితే పైన చేరిన వెచ్చని గాలి గోడల వెంట కిందికి దిగుతుంది.

ఇంకోటి. తలుపులున్న గది ఒక్క బాత్రూమే. ఎవరికైనా ఫోన్ వస్తే ఇల్లంతా ఆ సంభాషణలో పాల్గొనాల్సిందే. మా ఆవిడా నేనూ పోట్లాడుకుని వేరే గదిలోకి వెళ్ళి అలగడానికి కూడా వీల్లేదు.

ఊరికే వచ్చా
చివరి పాయింట్ ఒక్కటే చాలు, కొనకండి.

స్క్రూడ్రైవర్
14, 16 అడుగుల ఎత్తంటే గాలి ఎక్కువ కాబట్టి ఏసీ డబల్ పెట్టాలి. కరెంటు బిల్లుకి రెడీ అవ్వండి.

గీతలమ్మ
అలా కాదండీ. గాలిని ఒకసారి చల్లబరిచాక అది చల్లగానే ఉంటుంది. బిల్లు పెంచేది గాలి పరిమాణం కాదు, బయటినుంచి లోపలికి వచ్చే వేడి. అంటే గాజు, గోడలు, సందుల్లోంచి చొరబడే గాలి. ఎత్తు పెరిగితే గోడా గాజూ పెరుగుతాయి, అందుకని బిల్లు పెరుగుతుంది. ఈ ఫ్లాట్‌లో అసలు దొంగ కిటికీలే. పాత ఇనుప ఫ్రేమ్, ఒంటి పొర గాజు. మామూలు రెండు పొరల గాజు కంటే రెట్టింపు వేడిని వదిలేస్తుంది. ఇనుప ఫ్రేము దానికి తోడు. చలికాలం పొద్దున్నే ఫ్రేము మీద నీళ్ళు పట్టి కారుతుంటాయి, కింద అంచున తుప్పు చూడండి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే గాజు పగులుతుంది.

భవనం వారసత్వ జాబితాలో ఉంటే కిటికీలు మార్చనివ్వకపోవచ్చు. అప్పుడు లోపలి వైపు రెండో గాజు ఫ్రేము బిగించుకోవచ్చు. రెండు గాజుల మధ్య నాలుగంగుళాలు, అంతకంటే ఎక్కువ ఖాళీ వదిలితే రోడ్డు చప్పుడూ బాగా తగ్గుతుంది.

ఇంతకీ, మీరు స్వయంగా టేపు పెట్టి కొలిచారా? 16 అడుగులు దేని వరకు? దూలాల కింద ఎంత, దూలాల మధ్య ఎంత, మెజనైన్ కింద ఎంత, పైన ఎంత? ఈ నాలుగు అంకెలు లేకుండా మాట్లాడుకోవడం దండగ.

మేస్త్రీ కొడుకు
ఇటుక గోడ గురించి ఎవరూ అనలేదే. అన్నా, గోడ మీద అరచెయ్యి పెట్టి రుద్ది చూడు. ఎర్రటి పొడి అంటిందా? అంటితే ఇసుకతో కొట్టించి పాత గార ఊడబెరికారని అర్థం. కాల్చిన ఇటుకకి పైన గట్టి తోలు ఉంటది, రొట్టె పైపొర లాగ. ఇసుక కొడితే ఆ తోలు పోయి లోపలి మెత్తటిది బయటపడతది. ఇంక జీవితాంతం రాలుతూనే ఉంటది. ఫొటోల్లో మాత్రం మహా అందంగా ఉంటది.

రెండోది దర్జులు, అంటే ఇటుకల మధ్య అతుకులు. పాత కట్టుబడి సున్నంతో ఉంటది. సున్నం మెత్తన, చెమ్మని పీల్చి బయటికి వదిలేస్తది. దాని మీద ఈ కాలం వాళ్ళు సిమెంటు పాయింటింగ్ చేస్తారు. సిమెంటు చెమ్మని పోనివ్వదు, అది ఇటుకలోంచి దారి వెతుక్కుంటది, ఇటుక మొహం పెచ్చులుగా ఊడతది. దర్జుని తాళంచెవితో గీకి చూడు. సున్నమైతే గీత పడతది. గీత పడకుండా బూడిద రంగులో రాయిలా ఉంటే సిమెంటే. తెల్లటి ఉప్పు పూసిందా, ముఖ్యంగా కిటికీల కింద, అదీ చూడు. ఉప్పు ఉంటే నీరు ఎక్కడినుంచో వస్తున్నట్టే. మెరిసే వార్నిష్ కొట్టి దాచారేమో, అదింకా ప్రమాదం.

లెక్కలపిచ్చి
చప్పుడు సంగతి నాకొదిలేయండి. శబ్దం గోడలకి కొట్టుకుని ఎంతసేపు తిరుగుతుందో చెప్పే సూత్రం ఉంది, హార్వర్డ్‌లో పనిచేసిన సబైన్ అనే ఆయన కనిపెట్టాడు: 0.161ని గది ఘనపరిమాణంతో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తంతో భాగించాలి. అన్నీ మీటర్లలో. మీ హాలు సుమారు 14 × 7 మీటర్లు, ఎత్తు 4.3 అనుకుందాం. ఘనపరిమాణం 421. ఇటుక నూటికి మూడు పాళ్ళు పీలుస్తుంది, చెక్క పది, గాజు పది పన్నెండు. మొత్తం 28, 29 వస్తుంది. కాలం 2.4 సెకన్లు. సామాన్లున్న మామూలు గదిలో అర సెకను. మీ పాప ఒక్క కేక వేస్తే రెండు సెకన్లకి పైగా ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. ఖాళీ ఇంటి లెక్క ఇది. సోఫాలు, దళసరి తెరలు, తివాచీ, పుస్తకాల బీరువాలు పడితే సగానికి వస్తుంది. ఇంకా తగ్గాలంటే దూలాల మధ్య మెత్తటి పలకలు బిగించాలి.

అయితే ఇది ఇంట్లో పుట్టిన చప్పుడు. పైవాళ్ళది వేరే కథ. మీకు పైన ఉన్నది చెక్క నేలేనా?

కొత్తగూడు
అవునండీ, పైనా చెక్కే. మేం చూడ్డానికి వెళ్ళింది ఆదివారం మధ్యాహ్నం, చడీ చప్పుడూ లేదు.

లెక్కలపిచ్చి
పైవాళ్ళు ఇంట్లో ఉన్నారా లేరా అన్నది అడిగారా? వారం మధ్యలో రాత్రి తొమ్మిదింటికి వెళ్ళండి. చెక్క పలకలు, దూలాలు మాత్రమే అడ్డు ఉంటే మాటలు కూడా దిగుతాయి, మడమల చప్పుడు అయితే డోలు మోగినట్టే. దాన్ని సరిగ్గా ఆపాలంటే పైవాళ్ళ నేల మీద మెత్తటి పొర వేయాలి. వాళ్ళెందుకు వేయిస్తారు? మీ వైపు నుంచి చేయాలంటే ఫాల్స్ సీలింగ్ వేలాడదీయాలి. మీరు మనసు పారేసుకున్న దూలాలు దాని వెనక్కి పోతాయి.

ఎత్తింటివాడు
దీనికి నేను సాక్షి. పైనున్న పెద్దాయన రాత్రి రెండింటికి లేస్తే నాకు తెలుస్తుంది. పాపం ఆయనకి షుగర్ అని కూడా దాన్నిబట్టే పోల్చుకున్నాను.

స్క్రూడ్రైవర్
చెక్క దూలాలంటే నిప్పు భయం లేదా? కాంక్రీటు భవనం చూసుకోవచ్చుగా.

గీతలమ్మ
లావు దూలాలు మనం అనుకున్నంత తొందరగా కూలవు. బయటి పొర బొగ్గై లోపలిదాన్ని కాపాడుతుంది. మెత్తరకం చెక్క అయినా నిమిషానికి 0.6, 0.7 మిల్లీమీటర్లే కాలుతుంది, గంటకి నాలుగు సెంటీమీటర్లు. రక్షణ పూత లేని ఉక్కు దూలం 550, 600 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుంటుంది. అయితే ఆ లెక్క దూలాలకే, మధ్యలో పరిచిన పలకలకి కాదు. స్ప్రింక్లర్లు (మంట లేస్తే పైనుంచి నీళ్ళు చల్లేవి) ఉన్నాయా? మెజనైన్ మీద పడుకున్నవాళ్ళు బయటపడే దారి ఆ ఇనుప మెట్లొక్కటేనా? పొగ కూడా వేడి గాలిలాగే ముందు పైకే వెళ్తుంది.

నాలుగు అంకెలు ఇంకా రాలేదు.

కొత్తగూడు
క్షమించాలి, ఆలస్యమైంది. మంగళవారం రాత్రి టేపు పట్టుకుని వెళ్ళాం.

పైకప్పు పలకల వరకు 14 అడుగుల 2 అంగుళాలు. 16 ఎక్కడినుంచి వచ్చిందో ఏజెంటుకే తెలియదు. దూలాల కింద 12 అడుగుల 6 అంగుళాలు. మెజనైన్ కింద 7 అడుగుల 1 అంగుళం, దాని మందం 8 అంగుళాలు. అంటే పైన దూలాల మధ్య 6 అడుగుల 5 అంగుళాలు మిగిలింది, దూలాల కింద 4 అడుగుల 9 అంగుళాలు. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు మంచం మీద కూర్చుని చూశాం కాబట్టి తెలియలేదు! ఈసారి నడిచాను. నుదుటి మీద బొప్పి ఇంకా ఉంది.

హాలు 46 × 23 అడుగులు. ఏజెంటు లెక్కలో 1,060 కింద, 340 పైన.

గోడకి ఎర్రటి పొడి అంటింది. దర్జులు సున్నమే, గీత పడింది. ఒక కిటికీ కింద తెల్లగా ఉంది. స్ప్రింక్లర్లు ఉన్నాయి. పైవాళ్ళ టీవీలో ఏ సీరియల్ వస్తోందో మా ఆవిడ చెప్పేసింది.

గీతలమ్మ
ఇప్పుడు తేలింది. 1,400లో 340 అంటే దాదాపు నాలుగో వంతు. ఆ నాలుగో వంతులో మీరు నిటారుగా నడవలేరు. గదికి ఏడు, ఏడున్నర అడుగులైనా ఉండాలని చాలాచోట్ల నియమం. దాన్ని పడకగది అనకూడదు, పరుపు వేసిన అటక అనాలి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇంకొక్కటి చూడాలి. మెజనైన్ బరువు దేని మీద ఆనింది? గోడ మీదా, సొంత కాళ్ళ మీదా, పాత స్తంభాల మీదా?

కొత్తగూడు
ఒక వైపు గోడలోకి. ఇంకో వైపు రెండు పోత ఇనుప స్తంభాలకి ప్లేట్లు అతికించి ఉన్నాయి. వెల్డింగ్ లాగే ఉంది.

మేస్త్రీ కొడుకు
పోత ఇనుముకి వెల్డింగా! చేసినోడికి దండం పెట్టాలి.

గీతలమ్మ
ఇది నవ్వి వదిలేసేది కాదు. పోత ఇనుము నిలువు బరువుని బ్రహ్మాండంగా మోస్తుంది. లాగినా, వంచినా ఒప్పుకోదు, హెచ్చరిక లేకుండా పగులుతుంది. మామూలు ఉక్కుకి చేసినట్టు వెల్డింగ్ చేస్తే ఆ వేడికి పక్కనే సన్నటి బీట పడొచ్చు. ఆ స్తంభాలు చాలావరకు లోపల బోలుగా ఉంటాయి. ప్రెస్సు యంత్రాల కోసం కట్టిన నేల కాబట్టి మోసే బలం గురించి బెంగ లేదు. మామూలు ఇంటి నేలకి చదరపు మీటరుకి 200 కిలోలు లెక్కేస్తాం, ఫ్యాక్టరీ నేలకి 500 నుంచి 1,000. కానీ ఇక్కడ బరువు స్తంభం నడుము దగ్గర, పక్కనుంచి వేలాడుతోంది. ఆ స్తంభాల మీద మీ ఒక్క ఇల్లే లేదు, పై అంతస్తులూ ఉన్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి రాసిచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

చరిత్ర చాదస్తం
ప్రెస్సు అన్నారు కాబట్టి నాకు నిన్నటినుంచి ఒకటి తొలుస్తోంది. అచ్చు అక్షరాలు పోసేది సీసం, యాంటిమొనీ, తగరం కలిపిన లోహంతో. పాత ప్రెస్సుల్లో దాన్ని కరిగించి మళ్ళీ మళ్ళీ పోసేవాళ్ళు. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి చెక్క నేల సందుల్లో దిగి ఉంటుంది. పాత కిటికీల రంగుల్లోనూ సీసం ఉండే వీలుంది, అమెరికాలో ఇళ్ళ రంగుల్లో దాన్ని 1978లో గానీ నిషేధించలేదు. మీ పాప నేల మీద పాకి చేతులు నోట్లో పెట్టుకునే వయసు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే ఫర్వాలేదు అనే హద్దేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నేల తుడిచి ల్యాబుకి పంపే పరీక్ష ఉంది, పెద్ద ఖర్చు కాదు.

అతిగా భయపెడుతున్నానంటారేమో. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో పాదరసం దీపాలు తయారైన ఒక ఫ్యాక్టరీని 1990ల్లో కళాకారులు కొని లాఫ్ట్ ఇళ్ళుగా మార్చుకున్నారు. నేల తీసి చూస్తే కింద పాదరసం మడుగులు కట్టి ఉంది. 1996లో అందర్నీ ఖాళీ చేయించారు, తర్వాత భవనాన్నే కూల్చేశారు. వాళ్ళంతా ఇంటి మీద ముచ్చటపడే కొనుక్కున్నారు.

కొత్తగూడు
ఇది చదివి మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే పరీక్ష ఎక్కడ చేస్తారో తనే కనుక్కుంది.

ఊరికే వచ్చా
నేను జోకులు మానేశాను. అప్‌డేట్ పెట్టండన్నా.

కొత్తగూడు
మూడు వారాల తర్వాత అప్‌డేట్.

సొసైటీ ఆఫీసులో ప్లాన్ చూశాను. మెజనైన్ లేదు. బ్యాంకు వాల్యుయర్ కూడా 1,060కే విలువ కట్టాడు, పైదాన్ని "తాత్కాలిక నిర్మాణం" అని రాశాడు. ఇంజనీరు వెల్డింగ్ పక్కన ఒక స్తంభం మీద వెంట్రుక మందం గీత చూపించి, అది బీటా పోత పోసినప్పటి గుర్తా తేల్చడానికి ఇంకో పరీక్ష చేయాలన్నాడు. ఎలా ఉన్నా మెజనైన్ విప్పేయమన్నాడు. సీసం పరీక్షకి పంపిన నేల శాంపిళ్ళలో కిటికీ దగ్గరది హద్దు దాటింది, మిగతా రెండూ దాటలేదు.

అన్నీ ఫోల్డర్‌లో పెట్టి అమ్మేవాళ్ళ ముందుంచాను. 1,060కి లెక్క కట్టి, మెజనైన్ విప్పే ఖర్చు, స్తంభం పని, కిటికీ రంగులు తీసి నేల సందులు మూయించే ఖర్చు తీసేసి ఒక అంకె చెప్పాను. ఆయన టీ కూడా పూర్తి చేయకుండా లేచిపోయాడు.

దస్తావేజు
సరిగ్గా చేశారు. ఆ ఫోల్డర్ ఉంచండి. ఆయన ఇంకెవరికి అమ్మబోయినా వాళ్ళ బ్యాంకూ ఇదే రాస్తుంది.

ఎత్తింటివాడు
మీ ఆవిడ ఏమంటున్నారు? గుమ్మంలో నిలబడిపోయిన మనిషి కదా.

కొత్తగూడు
తనకి ఇప్పటికీ ఆ ఇల్లే కావాలి. మెజనైన్ తీసేస్తే హాలు ఇంకా బాగుంటుందట, ఒక మూల గోడ కట్టి పడకగది చేసుకుందాం, తలుపు పెడదాం అంటోంది. మీరు అలగడం గురించి రాసింది గట్టిగా నాటుకుంది తనకి.

కొత్తగూడు
నిన్న రాత్రి అమ్మే ఆయన ఫోన్ చేశాడు. స్తంభం పరీక్ష తన ఖర్చుతో చేయిస్తానన్నాడు, 1,060 లెక్కకి ఒప్పుకున్నాడు. కిటికీలూ నేలా మాత్రం మా ఖర్చే అంటున్నాడు. స్తంభం రిపోర్టు వచ్చేదాకా నేను ఏమీ చెప్పనన్నాను.

ఈలోగా ఒక సందేహం. ఆ ఇనుప మెట్లు విప్పాక పాత ఇనుముకి వేయాల్సిందేనా, ఎవరైనా కొంటారా?

మేస్త్రీ కొడుకు
ఎన్ని మెట్లున్నాయి, వెడల్పెంత? ఫొటో పెట్టన్నా.